ముళ్ళూ ఎముకలూ

కళ్ళకి గంతలు కట్టి ఏ ఎముక చేతిలో పెట్టినా, అది ఏ జంతువుదో, కుడివైపుదో ఎడమవైపుదో, ఆ జంతువు చచ్చేముందు ఏం తిన్నదో కూడా చెప్పేస్తానని జంతుశాస్త్రం ల్యాబులో అసిస్టెంటు కుర్రాడు చెప్పుకు తిరిగేవాడు. ఒకరోజు తోటివాళ్ళు నిజంగానే గంతలు కట్టి చేతిలో ఒకటి పెట్టారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, గోరుతో గీకి, వాసన చూసి, "తాబేలు. ఎడమ భుజం. ముసలిది. పాపం, కీళ్ళనొప్పులు కూడా ఉండేవి" అని తేల్చాడు. గంతలు విప్పి చూస్తే విరిగిన దువ్వెన పిడి.

ఆ రోజు నుంచి అతను కోతలరాయుడు. పిలవడానికి పొడుగైపోయిందని తర్వాత రాయుడు చేశారు. కప్పల్నీ చేపల్నీ కోసేదీ అతనే, కబుర్లలో కోసేదీ అతనే కాబట్టి పేరు రెండువిధాలా అతికింది.

అతని కోతలన్నీ నమ్మే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. అతని పిన్ని. ఎత్తుకుని పెంచింది ఆవిడే కాబట్టి నమ్మక తప్పలేదు. బాబాయి నిచ్చెన మీంచి పడి, కాలికి కట్టుతో కిటికీ పక్కన కూర్చుని వీధిలో వచ్చే పోయే వాళ్ళ నడకలకి వంకలు పెడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. ఇల్లు గడవాలంటే పిన్ని పనికి వెళ్ళాలి. "మా భవనంలో నా మాటకి తిరుగులేదు, నేను వేయిస్తా" అన్నాడు రాయుడు. వేయించడమంటే, ఊడ్చి తుడిచే పనికి మనుషులు కావాలని సూపర్‌వైజరు ఎవరితోనో అంటుంటే వినొచ్చి చెప్పడం. మిగతాదంతా, వరసలో నిలబడ్డంతో సహా, పిన్నే చేసుకుంది. "నెల చూస్తా. పని బాగుంటే ఉంటావు, లేకపోతే లేదు" అన్నాడు సూపర్‌వైజరు. ఆవిడా సూపర్‌వైజరూ పనిచేసేది మనుషుల్ని పంపే కంపెనీకి, రాయుడు పనిచేసేది కాలేజీకి. ఆ తేడా అప్పటికి ఎవరికీ పట్టలేదు.

నెల నిండబోతోంది. పిన్ని చీపురు పట్టిన దగ్గర నుంచీ ల్యాబు నేల మీద మొహం చూసుకోవచ్చు. రాయుడు నిజంగానే చూసుకుని తల దువ్వుకునేవాడు.

ఆ వారం ల్యాబంతా హడావుడిగా ఉంది. పైనుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. గది మధ్య పొడుగాటి బల్లమీద తలలు బారులు తీరాయి. కప్ప, బల్లి, పావురం, పిల్లి, చివర్లో మనిషి. అన్నీ కళ్ళు లేని గుంతలతో ఒకేవైపు చూస్తున్నాయి, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు. మొదటి స్థానం ఖాళీ. అక్కడికి రావాల్సింది చేప.

ఆ చేప పెద్ద మేడంది. ఆవిడకి కోపం రాదు. అందుకే అందరికీ ఆవిడంటే భయం. పెద్ద చేప తల ఒకటి తెచ్చి, ఇంట్లో గిన్నెలో సన్నటి సెగ మీద ఉడికించి, మెత్తటి బ్రష్షుతో కండంతా తీసి, ఒక్కొక్క ఎముకా విడదీసి, తెల్లబరిచే మందులో నానేసి ఆరబెట్టారు. ఆ గిన్నెలో ఇంకేం వండినా తిననని వాళ్ళాయన భీష్మించుకున్నాడట. "మంచిదే, గిన్నె ల్యాబుకి తెచ్చేశా" అన్నారు మేడం.

మనిషి పుర్రెలో ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి కుండలా ఉంటాయి. చేప తల అలా కాదు. అదొక ఉమ్మడి కుటుంబం. ఎవరికి వాళ్ళే, ఎవరు ఎవరికి ఏమవుతారో బయటివాళ్ళకి తెలీదు, ఒకళ్ళని కదిపితే ఇల్లంతా కదులుతుంది. విడదీసిన వాటిని మళ్ళీ కొంచెం కొంచెం ఎడంగా, సన్నటి తీగల మీద, గాల్లో విచ్చుకున్న పువ్వులా నిలబెట్టాలి. అది మేడం చేత్తో తప్ప కాదు.

"ఇది చూడు" అన్నారు మేడం ఆ సాయంత్రం, పట్టకారుతో ఒక పొడుగాటి ఎముకని ఎత్తి. "చేపలో దవడని పుర్రెకి పట్టి ఉంచేది ఇదే. మొయ్యడమే దీని పని. కప్ప దగ్గరికొచ్చేసరికి బరువు దించేసుకుని చెవిలోకి చేరింది. మన చెవిలోనూ ఉంది, బియ్యపు గింజలో సగం. తక్కిన రెండు చెవి ఎముకలూ కూడా ఒకప్పుడు దవడలో కీలు దగ్గరివే."

"తెలుసు మేడం" అన్నాడు రాయుడు. సగమే తెలుసు.

"మోసినంతకాలం మోసింది. ఇప్పుడు కూర్చుని వింటోంది." మేడం దాన్ని సింకు పక్కన తెల్లటి ట్రేలో, కాగితం మీద మిగతావాటి మధ్య పడుకోబెట్టారు. "ఇవి ఇంకా ఆరాలి. రాత్రికి ఇక్కడే ఉంటాయి. మీ పిన్నికి దగ్గరుండి చూపించు. చూపించే వెళ్ళు."

"అది నాకొదిలెయ్యండి మేడం."

మేడం వెళ్ళారు. కింద స్నేహితులు హారన్ కొడుతున్నారు. ఒకటి కొట్టి ఊరుకునే రకాలు కాదు. పిన్ని బకెట్టుతో మెట్లెక్కి వస్తోంది. రాయుడు ఆవిడ పక్కనుంచి రెండేసి మెట్లు దిగుతూ, వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.

"పిన్నీ! ఎముకలు మాత్రం ముట్టుకోకు! మిగతా చెత్తంతా తీసేసి అద్దంలా పెట్టు! రేపు పెద్దవాళ్ళొస్తున్నారు!"

"అలాగే నాన్నా, చూసుకుని దిగు" అంది పిన్ని.

పొద్దున్న అతను తలుపు తీసేసరికి గది కళకళ్ళాడుతోంది. బల్ల మీద తలలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పావురం ముక్కు మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము కూడా లేదు. సింకు పక్కన తెల్లటి ట్రే, కడిగి, గోడకి ఆనించి, బోర్లించి ఉంది. అడుగు నుంచి ఒక నీటిచుక్క దిగి ఆగింది.

పిన్ని కిటికీ అద్దం తుడుస్తోంది.

"పిన్నీ, ఈ ట్రేలో ఎముకలేవి?"

"ఎముకలన్నీ బల్లమీదే ఉన్నాయి కదరా. ఒక్కటి కూడా ముట్టుకోలేదు. దుమ్ము కూడా నోటితో ఊదా."

"బల్లమీదవి కాదు. ట్రేలోవి."

"ట్రేలోవా? అవి ముళ్ళు కదరా!" అంది పిన్ని, వీడికి ఏమైందన్నట్టు చూస్తూ. "ఎవరో చేప తిని అక్కడే వదిలేసి పోయారు. ఎంత చదువుకున్నా తిన్న కంచం తియ్యడం రాదు ఒక్కరికీ. పారేసి, నీసు వాసన పోయేదాకా కడిగా."

రాయుడు బోర్లించిన ట్రేకేసి చూశాడు. తెలుగు మాట్లాడ్డం మొదలైన దగ్గర నుంచీ కోడికి ఎముకలు, మేకకి ఎముకలు, చేపకి ముళ్ళు. గొంతులో చేప ఎముక గుచ్చుకుందని ఇంతవరకూ ఎవరైనా ఏడ్చారా? పిన్ని తప్పు చెయ్యలేదు. అతను చెప్పినమాట అక్షరం పొల్లుపోకుండా చేసింది.

అతని మొహం చూసి పిన్ని చేతిలో గుడ్డ ఆగింది. "ఏరా? పనికొచ్చేవా అవి?"

"మేడంవి."

పిన్ని గుడ్డ బకెట్టులో పడేసి, చెంగు నడుముకి బిగించి వెనక మెట్ల వైపు నడిచింది.

పెరట్లో చెత్త డబ్బా అప్పటికే సగం ఖాళీ చేసుకుపోయారు. మిగిలిన సగంలో క్యాంటీన్ వాళ్ళు నిన్నటి భోజనాల తాలూకు శేషమంతా గుమ్మరించి పెట్టారు. నిన్న క్యాంటీన్లో కూడా చేపే. పిన్ని మోచేతుల దాకా ముంచి తీస్తోంది, రాయుడు ఏరుతున్నాడు. "ఇది మేడందే, ఏ కాలేజీలో అడిగినా చెప్తా" అని అతను ఎత్తి చూపించినదాన్ని పిన్ని కాసేపు చూసింది.

"కోడిది కదరా అది" అంది మెల్లిగా.

చివరికి మొప్పల మీద మూతలా ఉండే పల్చటి పలకలు, ఇంకో గుప్పెడు చిన్నాచితకా దొరికాయి. మొయ్యడమే పనిగా పెట్టుకున్న ఆ పొడుగాటి ఎముక దొరకలేదు.

"నేనెళ్ళి మేడంకి చెప్పేస్తా" అంది పిన్ని చేతులు కడుక్కుంటూ. "తెలీక చేశా. క్షమించమంటా."

"నెల నిండుతోందే పిన్నీ! సూపర్‌వైజరుకి తెలిస్తే ఉంచుతాడా? నువ్వు నోరు విప్పకు. నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు?"

"చూసుకుంటానన్నాగా."

అతనికి ఉపాయం తట్టడానికి క్షణం పట్టలేదు. లోకంలో చేప ముళ్ళు మాయమైతే ఎవరు చేసినట్టు? ఆడుకునే పసిపాపనడిగినా చెప్తుంది. కాకపోతే సాక్ష్యం ఉండాలి. బల్లమీద పిల్లి దవడని పుర్రెకి తీగతో కట్టేశారు, విప్పితే తెలిసిపోతుంది. వెనక సొరుగు లాగి, పేరు చీటీ ఊడిపోయిన దవడల్లోంచి సరైన సైజుది తీశాడు. పిల్లిదే. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. దొరికిన పలకల్ని వేడినీళ్ళలో మెత్తబరిచి, అంచున ఆ దవడ పళ్ళు ఆనించి, చెక్క పెట్టి నొక్కాడు. వరసగా గుంటలు పడ్డాయి. ఇంకోచోట కూడా నొక్కాడు. పని బాగా కుదిరితే ఆగడం అతని వంట్లో లేదు.

మేడం వచ్చి, పక్కన ఆ పలకలు పెట్టి ఉన్న ఖాళీ ట్రే ముందు నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు.

"పిల్లి మేడం" అన్నాడు రాయుడు. "పొద్దున్నే తలుపు తీసేసరికి కిటికీలోంచి దూకింది. నల్లది. తోక సగం లేదు. నన్ను చూసి భయపడకపోగా గుర్రుమంది. నోట్లో ఎముక అడ్డంగా పెట్టుకుని, పోలీసుని చూసిన దొంగలా కాదు మేడం, దొంగని చూసిన పోలీసులా చూసింది."

గుమ్మంలో తుడుపుకర్ర పట్టుకుని నిలబడ్డ పిన్ని నేలకేసి చూస్తోంది.

మేడం ఒక పలక తీసి వెలుతురుకి పట్టి, అంచు మీద వేలితో తడిమారు. పెద్దవాళ్ళకి ఫోను చేసి, పై వారం రమ్మన్నారు. ఫోను పెట్టేశాక కుర్చీలో కూర్చుని ఖాళీ ట్రేని దగ్గరికి లాక్కుని, అందులో చేతులు పెట్టుకున్నారు.

రాయుడికి గుండె కుదుటపడింది. పిల్లి మీద ఎవరు కేసు పెడతారు? ఆ పిల్లి లేదు కాబట్టి దానికీ ఇబ్బంది లేదు.

అయితే అతను కిటికీ అన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికి సూపర్‌వైజరు చెవిలో పడింది.

"కిటికీలు సాయంత్రం మూసేది ఎవరు?" అన్నాడు సూపర్‌వైజరు.

మూసేది వాచ్‌మన్ తాత. ఆయన అక్కడ ఎప్పటినుంచి ఉన్నాడో ఎవరికీ తెలీదు. ముందు తాతని నిలబెట్టి, తర్వాత చుట్టూ భవనం కట్టారని రాయుడు అంటుండేవాడు. మర్నాడు పొద్దున్న తాత గేటు దగ్గర స్టూలు మీద, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. టోపీ లేకుండా ఆయన తల అంత చిన్నదని అప్పటిదాకా రాయుడికి తెలీదు.

"ఏం తాతా, ఇలా కూచున్నావ్?"

"వయసైపోయింది, ఇంట్లో కూర్చోమన్నాడురా మనవడా. ఈ వారం చూసి చెప్తాడంట." తాత టోపీ అంచు చుట్టూ వేలు తిప్పాడు. "నేను మూశా. మూసినట్టే గుర్తు. గొళ్ళెం వేసి లాగి కూడా చూస్తా రోజూ. కానీ నువ్వు కళ్ళారా చూశానంటున్నావు. చదువుకున్నవాడివి, నీకేం పని అబద్ధం చెప్పడానికి? మర్చిపోయే ఉంటా."

"తాతా, అది..."

"ఒకటి అడుగుతా, ఏం అనుకోకు. ఈ కుక్కలుండగా పిల్లి ఎట్లా వచ్చిందిరా లోపలికి? నేను ఇక్కడ పిల్లిని చూసి ఎరగను." తాత అడిగిన దానికి తానే జవాబు చెప్పుకున్నాడు. "అదీ మర్చిపోయానేమో."

రాయుడు మెట్లెక్కాడు. ఎప్పుడూ లేనిది, ఒక్కొక్క మెట్టే ఎక్కాడు.

పిన్ని వరండాలో తుడుపుగుడ్డ పిండుతోంది. నీళ్ళన్నీ పోయినా ఇంకా పిండుతోంది.

"తాతని పంపేస్తారంటగా" అంది తలెత్తకుండా.

"పంపరులే. ఊరికే బెదిరింపు."

"నువ్వు చూసుకుంటానన్నావు. ఇదేనట్రా చూసుకోడం?"

"నాలుగు రోజులాగు పిన్నీ. అందరూ మర్చిపోతారు."

"ఆయనకిప్పుడే ఏదీ గుర్తులేదంటున్నాడు. ఇంకెవరు మర్చిపోవాలి?"

పిన్ని గుడ్డని బకెట్టు అంచు మీద సరిగ్గా మడిచి పెట్టింది.

అతను భోజనం మానేసి ఆలోచించాడు. నిజం చెబితే పిన్ని పోతుంది, చెప్పకపోతే తాత పోతాడు. పిల్లినే కాస్త పక్కకి జరిపితే ఇద్దరూ ఉంటారు. కిటికీలోంచి కాకుండా నీళ్ళ గొట్టం సందులోంచి వచ్చిందనుకుంటే? గొట్టానికి గొళ్ళెం ఉండదు, గొళ్ళెం లేనిచోట బాధ్యులూ ఉండరు. ఈ ఉపాయం అతనికి ఎంత నచ్చిందంటే, మేడం గది తలుపు తట్టేసరికి ఆ గొట్టంలో పిల్లి వెంట్రుకలు కూడా చూసినట్టు గుర్తొచ్చింది.

"మేడం, ఒక విషయం. ఆ పిల్లి కిటికీలోంచి కాదు."

"కూర్చో" అన్నారు మేడం.

కూర్చున్నాడు. గొట్టం గురించి చెప్పాడు. వెంట్రుకల గురించి చెప్పాడు. మేడం ఎక్కడా ఆపలేదు. వింటూనే ముందున్న పలకని అతని వైపు తిప్పారు. ల్యాబు నుంచి తెచ్చి ఉంచిన దవడ ఒకటి సొరుగులోంచి తీసి, దాని పళ్ళని పలక మీది గుంటల్లో ఒకదాని తర్వాత ఒకటి కూర్చోబెట్టారు. తాళంచెవి తాళంలో కూర్చున్నట్టు కూర్చుంది.

"ఇదేమిటి?"

"పిల్లి... దవడ."

"లెక్కపెట్టు పళ్ళు. కోరపన్ను తర్వాత పిల్లికి ఇన్ని ఉండవు. దాని దవడ పొట్టి. ఇది ముంగిస." మేడం గొంతు పెరగలేదు. "నిన్న పొద్దున్న వేలితో తడిమినప్పుడే తెలిసింది. మన భవనంలోకి ముంగిస వచ్చిందా, వస్తే దాన్ని నువ్వు నల్లపిల్లి అనుకున్నావా అని కొంచెంసేపు ఆలోచించా. ఎందుకంటే నీ విషయంలో అది కూడా జరగొచ్చు."

రాయుడికి నవ్వు రాలేదు.

"నువ్వే వచ్చి చెప్తావని ఆగా. ఆగడం నా తప్పు. ఈలోగా ఆవిడొచ్చింది."

"ఎవరు?"

"మీ పిన్ని. భోజనాల వేళ. ముళ్ళనుకుని నేనే పారేశానమ్మా, తాతకేం తెలీదు, కిటికీ మూసే ఉంది అంది. ఎవరు చెప్పారు, చూపించలేదా అని అడిగా. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే తీసేశా అంది. రెండుసార్లు అడిగా. నీ పేరు ఎత్తలేదు."

రాయుడు దవడని పలక మీంచి తీసి పక్కన పెట్టాడు.

"నేనే చెప్పాను మేడం" అన్నాడు రాయుడు. "చూపించలేదు. మెట్లమీంచి అరిచి వెళ్ళిపోయా. ఎముకలు ముట్టుకోవద్దన్నా. ఆవిడ ముట్టుకోలేదు."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇక్కణ్ణించి తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికే వెళ్తానంది. నేను వద్దంటే వినలేదు. నేనూ ఫోను చేశా, పనిమనిషి మంచిది, తప్పు మాది అని. మీ ల్యాబు సంగతి మీరు చూసుకోండి, మా మనుషుల సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. ఆవిణ్ణి ఉంచడం నా చేతిలో లేదు. నిన్ను పంపడం నా చేతిలో ఉంది కానీ, నిన్ను పంపితే ఆవిడ తిరిగి రాదు. పోనీ ఆ చేప తిరిగొస్తుందా?" ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళతో నొక్కుకున్నారు. "వెళ్ళు."

సూపర్‌వైజరు గదిలో అతను ఒక్క కోత లేకుండా మొత్తం చెప్పాడు. చెప్తే ఎంత చిన్నదైపోయిందో! ఇంత చిన్న కథ అతను జన్మలో చెప్పలేదు.

"సంతోషం" అన్నాడు సూపర్‌వైజరు. "నిజాయితీగా చెప్పావు. కానీ బాబూ, నువ్వు మా మనిషివి కాదు, నిన్ను నేనేం చెయ్యలేను. ఆవిడ మా మనిషి. తాతని ఉంచుతున్నాలే, వెళ్ళి చెప్పు. పోయేవాళ్ళు ఒకళ్ళు చాలు."

తాతకి చెప్పాడు. తాత టోపీ పెట్టుకుని, వెంటనే లేచి వెళ్ళి కిటికీలన్నీ ఒకసారి లాగి చూసొచ్చాడు. మిట్టమధ్యాహ్నం.

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్తే, ఆవిడ బాబాయి కాలు కింద దిండు సర్దుతోంది. "ఎత్తు చాల్లేదు" అంటున్నాడు బాబాయి. "ఎక్కువైంది" అని మళ్ళీ అంటున్నాడు. పిన్ని విసుక్కోకుండా తీస్తోంది, పెడుతోంది.

"నా పేరెందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్తే నా పని నిలబడేదా?"

"లేదు."

"మరింకేం. రెండు పోవడం దేనికి?" ఆవిడ దిండు మీద ముడతలు చేత్తో సాపు చేసింది. "అన్నం తిన్నావా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టించుకోడంలో అతనికి మంచి అనుభవం ఉంది. ఇది కొత్త.

వారం చివర్లో సూపర్‌వైజరు కొత్తావిణ్ణి వెంటబెట్టుకుని ల్యాబుకి వచ్చాడు. ఆవిడ పిన్ని కంటే చిన్నది, కంగారుగా ఉంది, బకెట్టు రెండు చేతులతోనూ పట్టుకుంది.

"ఏం ముట్టుకోవాలో, ఏం ముట్టుకోకూడదో ఈ సారు చెప్తారు" అని సూపర్‌వైజరు రాయుణ్ణి చూపించి వెళ్ళిపోయాడు.

మేడం మళ్ళీ ఒక చేప తల తెచ్చారు. గిన్నెలో సన్నటి సెగ మీద ఉడికించి తీసిన ఎముకలు సింకు పక్కన ఆరుతున్నాయి. రాయుడు కొత్తావిణ్ణి బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. కప్పని చూపించాడు, బల్లిని చూపించాడు. పిల్లి దగ్గర కొంచెం తొందరగా కదిలాడు. సింకు దగ్గరికొచ్చి ట్రేలో ఉన్న కొత్త ఎముకల్ని ఒక్కొక్కటే పట్టకారుతో ఎత్తి చూపించాడు. ఇవి ముళ్ళలా కనబడతాయి, ముళ్ళే అంటారు కూడా, అయినా తియ్యకూడదండి అన్నాడు. ఆవిడ ప్రతిదానికీ తలూపింది.

"అర్థమైంది సార్. పాతావిడ ఇవే పారేసిందంటగా? కిందంతా చెప్పుకుంటున్నారు. పాపం, చూసుకోలేదా ఆవిడ?"

"చూసుకుంది" అన్నాడు రాయుడు. పట్టకారు ట్రేలో పెట్టాడు. అది కాస్త చప్పుడు చేసింది. "ఆవిడ నేను చెప్పినట్టే చేసిందండి. చెప్పడం నేనే తప్పు చెప్పా. దగ్గరుండి చూపించమన్నారు, చూపించకుండా వెళ్ళిపోయా. తర్వాత పిల్లి తినేసిందని అబద్ధం కూడా చెప్పా. తప్పంతా నాది."

కొత్తావిడ బకెట్టు కిందపెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. వెటకారం లేదు ఆ చూపులో. నిజంగానే అర్థం కాక అడిగింది.

"మరి మీరిక్కడే ఉన్నారే?"

రాయుడు ఏదో చెప్పబోయాడు. అలవాటు కొద్దీ నాలుక మీదికి చాలా వచ్చాయి.

"ఉన్నానండి" అన్నాడు.